మిగిలిన పిండాలు ఏం చేయాలి, పిండం కావాలంటే దారేది: హైదరాబాద్ దంపతులకు ఒక పోలిక

ఐవీఎఫ్‌లో, అంటే ల్యాబ్‌లో అండం, వీర్యం కలిపి పిండం తయారుచేసే వైద్యంలో, బిడ్డ పుట్టాక కూడా చాలా ఇళ్ళలో ఒక విషయం తేలకుండా ఉండిపోతుంది. ల్యాబ్‌లో ఇంకా రెండో మూడో పిండాలు ఫ్రీజ్ అయి ఉంటాయి. స్టోరేజీ ఫీజు కట్టమని ఏడాదికోసారి క్లినిక్ నుంచి మెసేజ్ వస్తుంది. భార్య దాన్ని భర్తకు ఫార్వర్డ్ చేస్తుంది, ఆయన డబ్బు కట్టేస్తాడు. ఆ మాట మళ్ళీ ఇద్దరి మధ్యకూ రాదు. ఇదే ఊళ్ళో ఇంకో ఇంట్లో, ఎంత వైద్యం చేయించుకున్నా ఒక్క పిండమూ నిలవని దంపతులు "ఎవరైనా మిగిలినవి ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకుంటాం కదా" అంటుంటారు.

కొన్నేళ్ళు కూకట్‌పల్లిలో ఒక ఫెర్టిలిటీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా పనిచేశాను. ఈ రెండు రకాలవాళ్ళూ ఒకే హాల్లో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని తమ పేరు పిలిచేదాకా ఎదురుచూసేవారు. ఒకరి దగ్గర మిగిలింది ఇంకొకరికి ఇవ్వడం ఇంత సులువుగా కనిపిస్తున్నా మన దేశంలో ఈరోజు అది కుదరదు. ఎందుకు కుదరదో తెలియక కొందరు ఏళ్ళు పోగొట్టుకుంటున్నారు, కొందరు డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. చట్టం తెరిచి ఉంచిన దారులేవో ముందు తెలుసుకుని, వాటిలోంచి మీరిద్దరూ మీ అంతట మీరే ఎంచుకోవాలి. గడువు ముంచుకొచ్చి నిర్ణయం మీ చేతిలోంచి జారిపోకూడదు.

## ముందు వేటిని బట్టి చూడాలి

చట్టం. ఐవీఎఫ్ లాంటి సంతాన వైద్యాన్ని నియంత్రించే ఏఆర్‌టీ చట్టం 2021లో వచ్చింది, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పిండాన్ని పదేళ్ళకు మించి నిల్వ ఉంచకూడదు. పదేళ్ళు నిండాక రెండే మార్గాలు: నశించిపోనివ్వాలి, లేదా దంపతుల అనుమతితో, ఈ చట్టం కింద నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. ఇంకో జంటకు ఇవ్వడం అనే మాట అక్కడ లేదు. 29వ సెక్షన్ ఇంకా గట్టిగా ఉంది: పిండాలను అమ్మడం, బదిలీ చేయడం దేశం లోపలైనా బయటికైనా నిషిద్ధం. సొంత పిండాలను సొంత వాడకం కోసం తరలించుకోవడానికి మాత్రం జాతీయ బోర్డు అనుమతితో మినహాయింపు ఉంది. పిండాలు అమ్మినట్టు తేలితే మొదటిసారి 5 నుంచి 10 లక్షల రూపాయల జరిమానా. మళ్ళీ చేస్తే 3 నుంచి 8 ఏళ్ళ జైలు, దానికి తోడు 10 నుంచి 20 లక్షల జరిమానా.

"మా పిన్నిగారి అమ్మాయికి అప్పట్లో ఎవరో ఇచ్చారే" అని మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. అది అబద్ధం కాకపోవచ్చు. 2005 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో పిండ దానానికి చోటు ఉండేది. ఇప్పుడు నడిచేది కొత్త చట్టం.

అండం వయసు. మిగతావాటికంటే దీని గురించే ఎక్కువ అపోహలున్నాయి. పిండం ఎన్నేళ్ళు ఫ్రీజ్‌లో ఉందన్నది అంత ముఖ్యం కాదు. అండం తీసిన రోజున భార్య వయసెంత అన్నది ముఖ్యం. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో కణం లోపల ఏ పనీ జరగదు కాబట్టి ముప్పై ఏళ్ళప్పుడు ఫ్రీజ్ చేసిన పిండం, ఆమెకు ముప్పై ఎనిమిది వచ్చాక కూడా ముప్పై ఏళ్ళ అండం నుంచి వచ్చిన పిండమే. గర్భం మోసే శరీరానికి మాత్రం వయసు పెరుగుతుంది. బీపీ, షుగర్ లాంటివి ఇప్పటి వయసును బట్టే వస్తాయి.

ఫ్రీజ్ చేసినవి బలహీనమని భయపడేవారికి ఒక సంగతి. మన దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ దుర్గ 1978 అక్టోబర్ 3న కోల్‌కతాలో పుట్టింది. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ ఆమెను ఫ్రీజ్ చేసిన పిండం నుంచే తీసుకొచ్చారు. ఇక అమెరికాలో 1994లో ఫ్రీజ్ చేసిన పిండం నుంచి 2025 జూలైలో ఒక బాబు పుట్టాడు. ఆ పిండం అసలు తల్లి ఇంకో జంటకు దత్తత ఇచ్చినది.

ఇద్దరి మాట ఒకటేనా. దంపతులు విడివిడిగా మాట్లాడితే చాలాసార్లు ఇద్దరూ వేర్వేరుగా చెబుతారు. ఆమెకు అవి పుట్టని పిల్లలు. ఆయనకు అవి వైద్యంలో మిగిలిన కణాలు. ఎవరూ తప్పు కాదు. కానీ ఈ తేడా బయటపడకుండా సంతకం పెట్టేస్తే తర్వాత ఇంట్లో అది నలుగుతూనే ఉంటుంది. కౌన్సెలింగ్ ఇవ్వడం క్లినిక్ బాధ్యత అని చట్టంలోనే ఉంది. మొహమాటపడకుండా అడిగి చేయించుకోండి.

పుట్టే బిడ్డకు ఏం చెబుతారు. దీని గురించి చివర్లో వివరంగా రాస్తాను.

డబ్బు సంగతి కూడా చూసుకోవాలి, అయితే అది క్లినిక్‌ను బట్టి మారుతుంది. స్టోరేజీ ఫీజు ఏటా ఎంత పెరుగుతుందో, ట్రాన్స్‌ఫర్‌కు (పిండాన్ని గర్భంలో పెట్టడానికి) ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి.

## మీ దగ్గర పిండాలు మిగిలి ఉంటే

| దారి | చట్టం | ఎవరికి సరిపోతుంది | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|
| నిల్వ కొనసాగించడం | పదేళ్ళ వరకు సరే | ఇంకో బిడ్డ విషయం తేల్చుకోనివారికి | ఏటా ఫీజు, వాయిదా అలవాటు |
| మీరే వాడుకోవడం | సరే (స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ళ లోపు) | రెండో బిడ్డ కావాలనుకునేవారికి | ఆరోగ్యం, వయసు |
| నశించనివ్వడం | సరే, ఇద్దరి లిఖిత అనుమతితో | కుటుంబం పూర్తయిందని ఇద్దరికీ అనిపించినవారికి | మనసు ఒప్పుకోవడం |
| పరిశోధనకు ఇవ్వడం | నమోదైన సంస్థకే, ఉచితంగా | వృథా కాకూడదనుకునేవారికి | సంస్థ పేరు తేలకపోవడం |
| ఇంకో జంటకు ఇవ్వడం | చోటు లేదు | | దారి మూసి ఉంది |

నిల్వ కొనసాగించడంలో తప్పేమీ లేదు. మొదటి బిడ్డకు రెండేళ్ళు కూడా రాకుండానే ఏదో ఒకటి తేల్చేయాలని తొందరపడకండి. అయితే బిడ్డ స్కూలుకు వెళ్ళే వయసు వచ్చినా ఆ ఫీజు మౌనంగా కడుతూనే ఉన్నారంటే, డబ్బు కట్టి నిర్ణయాన్ని దాటేస్తున్నారన్నమాట. ఫ్రీజ్ చేసిన తేదీ, పదేళ్ళు నిండే తేదీ ఒక కాగితం మీద రాసి బీరువాలో బిడ్డ బర్త్ సర్టిఫికెట్ పక్కన పెట్టుకోండి.

రెండో బిడ్డ గురించి ఊగిసలాడేవారికి నా సలహా సూటిగా చెబుతాను. మీకు ఇప్పుడు ముప్పై ఆరు దాటి, పిండాలు ముప్పై ఒకటో ఏట చేసినవైతే, కొత్తగా అండాలు తీయించుకోవడం గురించి ఆలోచించే ముందు ఉన్నవాటినే వాడుకోండి. ఈ రోజుల్లో వాడే వేగంగా గడ్డకట్టించే పద్ధతిలో అయిదో రోజు పిండాలు (ఫలదీకరణ జరిగాక అయిదు రోజులు పెరిగినవి) కరిగించాక నూటికి తొంభైకి పైగా బతుకుతాయి. అంటే అన్నీ గర్భం దాలుస్తాయని కాదు. బతకడం ఒకటి, నిలవడం ఇంకొకటి.

నశించనివ్వడం గురించి అడగడానికే చాలామంది భయపడతారు. ఏం జరుగుతుందో తెలియకపోతే ఆ భయం ఇంకా పెద్దదవుతుంది కాబట్టి చెబుతున్నాను. సన్నటి స్ట్రాలో ఉన్న పిండాన్ని నైట్రోజన్ ట్యాంకులోంచి బయటకు తీసి గది వేడిలో ఉంచుతారు. దాన్ని బతికించే ద్రావణాల్లో వేయరు. అది అక్కడితో ఆగిపోతుంది. అయిదో రోజు పిండంలో ఉండేది నూరు, రెండు వందల కణాలు, కంటికి చుక్కలా కూడా సరిగా ఆనదు. కొందరు ఆ రోజు తెలియజేయమని అడుగుతారు, ఇంట్లో దీపం పెట్టుకుంటారు. కొందరు ఏ తేదీనో తమకు చెప్పవద్దంటారు. రెండూ క్లినిక్‌కు చెప్పవచ్చు. చెప్పడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

పరిశోధనకు ఇవ్వడం వినడానికి బాగుంటుంది, నాకూ ఇష్టమైన దారే. ఫారంలో ఆ గడిలో టిక్ పెట్టడం మాత్రం సరిపోదు. "మీరు ఏ సంస్థకు ఇస్తారు, అది ఈ చట్టం కింద నమోదైందా?" అని అడగండి. పేరు చెప్పలేకపోతే మీ టిక్ కాగితం మీదే ఉండిపోతుంది, చివరకు జరిగేది నశించనివ్వడమే. పిండాన్ని ల్యాబ్‌లో పద్నాలుగు రోజులకు మించి పెంచకూడదని మన దేశ మార్గదర్శకాల్లో ఉంది. కాబట్టి ఎవరో దాన్ని బిడ్డగా మారుస్తారేమోనన్న బెంగ అక్కర్లేదు.

ఇక ఇంకో జంటకు ఇవ్వడం. ఒకసారి ఒకావిడ తన తోడికోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. "మా మూడు పిండాలూ దీనికి పెట్టేయండి మేడమ్. ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం, గోత్రం ఒకటే, అత్తమామలకూ ఇష్టమే. మధ్యలో ఎవరికండీ అభ్యంతరం?" అంది. తోడికోడలు మాట్లాడలేదు. చున్నీ కొసను వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. అన్న బిడ్డను తమ్ముడు పెంచుకోవడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి ఆవిడ అడిగిందాంట్లో ఆశ్చర్యం లేదు. కానీ బంధువులకైనా చట్టంలో మినహాయింపు లేదు. ఆ మాట చెప్పాక గదిలో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేకపోయాం. తర్వాత రిపోర్టులు చూస్తే తోడికోడలి భర్త వీర్యంలో ఏ సమస్యా లేదు. దాత అండంతో వాళ్ళు ముందుకు వెళ్ళారు. మొదటావిడ తన పిండాల సంగతి ఆ రోజు తేల్చలేదు. ఇంటికి వెళ్ళి ఆయనతో మాట్లాడతానంది.

ఈ నియమం మారాలని నేను కోరుకుంటాను. అమ్మకం జరగకూడదన్న భయం న్యాయమైనదే. అమ్మకాన్ని ఆపుతూనే, పూర్తి ఇష్టంతో డబ్బు లేకుండా ఇచ్చేవారికి ఒక దారి ఉంచవచ్చు. బ్రిటన్‌లో అలాగే ఉంది: ఖర్చుల పరిహారం తప్ప అమ్మకం లేదు, దానంతో పుట్టిన బిడ్డ పద్దెనిమిదేళ్ళు నిండాక దాత ఎవరో తెలుసుకోవచ్చు. నిల్వ గడువు కూడా అక్కడ పదేళ్ళకోసారి అనుమతి పొడిగించుకుంటూ 55 ఏళ్ళ దాకా ఉంది. మన దగ్గర అది వచ్చేదాకా, ఉన్న చట్టంలోనే నడవాలి.

అమెరికాలో స్థిరపడి అక్కడే వైద్యం చేయించుకున్న మనవాళ్ళకు పరిస్థితి వేరు. అక్కడ పిండ దత్తత కార్యక్రమాలు 1997 నుంచీ ఉన్నాయి, ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకరినొకరు చూసుకుని ఒప్పందం రాసుకోవచ్చు. కానీ డాలస్‌లో ఉన్న చెల్లెలి పిండాలను హైదరాబాద్ తెప్పించుకుందాం అనుకోవద్దు, ఇక్కడి చట్టం దాన్ని నేరంగా చూస్తుంది.

## పిండం కావాలనుకునేవారికి

ఇక్కడ ముందు ఒక హెచ్చరిక. "వేరే జంట వదిలేసిన మంచి పిండాలున్నాయి, ఖర్చు తక్కువ, వచ్చే నెలే ట్రాన్స్‌ఫర్" అని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. 2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక ఫెర్టిలిటీ సెంటర్ కేసు మనందరం టీవీల్లో చూశాం. సరోగసీతో (వేరొక స్త్రీ గర్భంలో) మీ బిడ్డే పుట్టిందని చెప్పి ఇచ్చిన పసికందుకు డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఆ దంపతులతో సంబంధమే లేదని తేలింది, ఆ బిడ్డను వేరే పేద దంపతుల నుంచి కొన్నారని పోలీసులు చెప్పారు. ఆశ ఎక్కువున్నచోట మోసం సులువవుతుంది. క్లినిక్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అడగడం అవమానించడం కాదు.

చట్టబద్ధంగా మీ ముందున్న దారులు ఇవి.

దాత అండం, భర్త వీర్యం. ఆమె అండాలు తగ్గిపోయి, ఆయన రిపోర్టు బాగున్నవారికి నేను మొదట చెప్పేది ఇదే. గర్భం మోసేది ఆమే, కనేది ఆమే. దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. ఒక దాత అండాలు ఒక్క జంటకే. దాతకు 12 నెలల బీమా మీరే చేయించాలి. ఏడు అండాల్లో అన్నీ ఫలదీకరణ చెందవు, చెందినవన్నీ అయిదో రోజుకు చేరవు. కాబట్టి "పది పిండాలు గ్యారంటీ" అని ఎవరైనా అంటే లెక్క ఎలా కుదిరిందో అడగండి. అక్కాచెల్లెళ్ళ అండం తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. దాత అండం నమోదైన ఏఆర్‌టీ బ్యాంకు (దాతల అండాలు, వీర్యం సమకూర్చే సంస్థ) ద్వారానే రావాలి, దాత ఎవరో మీకు తెలియదు.

భార్య అండం, దాత వీర్యం. ఖర్చు తక్కువ, వైద్యం తేలిక. ఇబ్బంది అంతా మగవారి మనసులోనూ పెద్దవాళ్ళ నోటిలోనూ ఉంటుంది. భర్త నిజంగా ఒప్పుకున్నాడా, ఊరికే తలూపాడా అన్నది విడిగా కూర్చోబెట్టి మాట్లాడితేనే తెలుస్తుంది. ఊరికే తలూపితే ఆగండి.

రెండూ దాతల నుంచి. పిండ దత్తతకు దగ్గరగా ఉన్నది ఇదే. అండం ఒక దాతది, వీర్యం ఇంకొకరిది, పిండం మీ కోసమే కొత్తగా తయారవుతుంది. ఎవరో వదిలేసినది కాదు. కొన్నిచోట్ల దీన్నే పిండ దానం అని చెబుతారు. మీరు అడగాల్సింది: అండం, వీర్యం ఏ బ్యాంకు నుంచి, ఆ బ్యాంకు రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి, ఫలదీకరణ ఏ తేదీన, ఎవరి పేరు మీద? నాలుగింటికీ కాగితం ఉండాలి. బిడ్డ చట్టప్రకారం మీ సొంత బిడ్డే, వారసత్వంతో సహా అన్ని హక్కులూ ఉంటాయి, దాతలకు ఏ హక్కూ ఉండదు. ఒంటరి మహిళలకూ ఏఆర్‌టీ వైద్యం తీసుకునే వీలుంది.

ఈ దారిలో ఇద్దరి రక్తమూ ఉండదు కాబట్టి, "అలాంటప్పుడు దత్తతే తీసుకోవచ్చు కదా" అని అడుగుతారు. గర్భం మోయాలన్న కోరిక చిన్నదని నేను అనను. అది తీరాలని ఆమె బలంగా కోరుకుంటే ఇది మంచి దారి. ఇంజెక్షన్లు, ఫలితం కోసం ఎదురుచూపులు, మళ్ళీ టెన్షన్ ఇక పడలేనని ఆమె అంటే ఆ మాట వినాలి.

పుట్టిన బిడ్డను దత్తత తీసుకోవడం. దేశమంతటికీ ఒకే దారి, కారా (కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ) పోర్టల్‌లో నమోదు. ఇంటికి వచ్చి విచారణ చేసి రిపోర్టు రాస్తారు. మన ఊళ్ళో యూసఫ్‌గూడ శిశువిహార్ లాంటి సంస్థల్లోని పిల్లలు కూడా ఆ వరుసలోనే వస్తారు, నేరుగా వెళ్ళి అడిగితే ఇవ్వరు. దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టర్. పసిబిడ్డ కోసం ఎదురుచూపు ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఇక్కడ వయసు లెక్క చాలామందికి తెలియదు. రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100. ఈ వయసును నమోదు చేసుకున్న తేదీ నాటికే లెక్కిస్తారు, వరుసలో స్థానం కూడా ఆ తేదీ నుంచే. ఆయనకు 44, ఆమెకు 40 ఉన్న దంపతులు "ఇంకో రెండు ట్రాన్స్‌ఫర్లు చూసి అప్పుడు ఆలోచిద్దాం" అంటే, అప్పటికి పసిబిడ్డను పొందే అర్హత దాటిపోవచ్చు. వైద్యం నడుస్తుండగానే నమోదు చేసుకోవచ్చు. దీనివల్ల వైద్యం మీద నమ్మకం పోయినట్టు కాదు.

నమ్మకాల విషయం ఒక్క మాట. పాతబస్తీ నుంచి వచ్చే ముస్లిం దంపతుల్లో చాలామంది దాత కణాలు వద్దంటారు. సున్నీ పండితుల్లో ఎక్కువమంది మూడో మనిషి ప్రమేయాన్ని ఒప్పుకోరు. ఇరాన్‌లో మాత్రం పెళ్ళయిన దంపతుల మధ్య పిండ దానానికి 2003లోనే చట్టం చేశారు. కేథలిక్కులకు పిండాన్ని నశించనివ్వడమే పెద్ద బాధ. అలాంటివారు చికిత్స మొదట్లోనే డాక్టరుకు చెప్పి, తక్కువ అండాలనే ఫలదీకరణ చేయించుకుంటే మిగిలే సమస్యే తగ్గుతుంది. ముందుగా అడిగితే ఇది కుదిరే పనే.

## బిడ్డకు చెప్పే మాట

దాత కణాలతో కన్నవారిలో ఎక్కువమంది "ఎవరికీ తెలియనివ్వం" అనుకునే ఇంటికి వెళ్తారు. నేను దీనికి ఒప్పుకోను. ఇరవై ఏళ్ళ తర్వాత ఏదో జబ్బుకు డాక్టర్ "మీ అమ్మ వైపు ఎవరికైనా షుగర్ ఉందా" అని అడుగుతారు. డీఎన్‌ఏ పరీక్షలు ఇప్పుడు ఇంటికే వస్తున్నాయి. పెళ్ళి గొడవలోనో ఆస్తి గొడవలోనో బంధువుల నోటి నుంచి తెలిస్తే ఆ బిడ్డ తట్టుకోలేదు. మూడు నాలుగేళ్ళప్పుడే కథలా మొదలుపెట్టండి: "నువ్వు కావాలని మేం ఎంతో ఎదురుచూశాం, ఒక మంచి ఆంటీ సాయం చేసింది." పెద్దయ్యే కొద్దీ మిగతాది చెప్పండి. ఈ మాట మీరు నోరు తెరిచి అనలేరనిపిస్తే, దాత దారిలోకి దిగే ముందే కౌన్సెలర్ దగ్గర ఇంకోసారి కూర్చోండి.

## ఈ నెలలో చేయాల్సిన పని

పిండాలు ఫ్రీజ్‌లో ఉన్నవారు క్లినిక్‌ నుంచి ఇవి తీసుకోండి: ఎన్ని పిండాలున్నాయి, ఏ రోజువి, ఏ గ్రేడు, ఫ్రీజ్ చేసిన తేదీ, మీరు సంతకం పెట్టిన ఫారం కాపీ. దంపతుల్లో ఒకరు చనిపోతేనో, నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉంటేనో ఏం చేయాలన్నది ముందే రాయించుకోకుండా క్లినిక్ పిండాన్ని నిల్వ చేయకూడదు. ఆ రోజు హడావుడిలో ఏ గడిలో టిక్ పెట్టారో చాలామందికి గుర్తుండదు. అది చూసి, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నారో లేదో ఇద్దరూ కలిసి తేల్చుకోండి. మారితే కొత్తగా రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇల్లు మారినా, నంబరు మారినా, ఊరు వదిలి బెంగళూరుకో అమెరికాకో వెళ్ళినా క్లినిక్‌కు చెప్పండి.